చుక్కల మందు యేసమ్మ

పాల్మాకులలో యేసమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. కానీ ఉత్త యేసమ్మ అంటే చాలదు, ఆ ఊళ్లో ముగ్గురు యేసమ్మలున్నారు. "చుక్కల మందు యేసమ్మ" అనాలి. నాకు ఆమె పరిచయమయ్యేనాటికి ఆ పని మానేసి ఏడాది కావస్తోంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో నేల తుడిచే పనిలో ఉంది. అయినా ఊరు మాత్రం పేరు మార్చలేదు.

నా పేరు శిరీష. మాది అత్తాపూర్. 2010లో నేను ఒక టీకాల ఫ్యాక్టరీలో డిస్పాచ్ సెక్షన్‌లో ఉండేదాన్ని. టీకాలు పెట్టెల్లోకి ఎక్కించి, కాగితాలు సరిచూసి, విమానం ఎక్కేదాకా వెంటపడటం నా పని. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఆ ఏప్రిల్‌లో అయిదు రోజులపాటు యేసమ్మ పక్కన నిలబడి నేను నేర్చుకున్నది ఆ ఎనిమిది నెలల్లో నేర్చుకున్నదానికంటే ఎక్కువ. అందుకే ఆమె గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

యేసమ్మ పుట్టిల్లు మామిడిపల్లి. పెళ్లయి పాల్మాకులకు వచ్చింది. భర్త ప్రేమదాసు ట్రాలీ ఆటో నడుపుతాడు. ఒక్కతే కూతురు, జూలీ. ఎయిర్‌పోర్టు రాకముందు ఆ చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలు, మామిడితోటలు. యేసమ్మ వాటిలో కూలికి పోయేది. ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి తోటలో బుట్టల లెక్క రాసే పని కూడా ఆమెదే.

1995 చలికాలంలో దేశమంతా మొదటిసారి పోలియో చుక్కలు వేశారు. ఊరికి వచ్చే నర్సు అనంతమ్మ ఒక పొద్దున తోటకే వచ్చి అడిగింది.

"యేసమ్మా, ఒక్క దినం నాతోని తిరుగుతవా? డబ్బా మోయాలె."

"బరువుంటదా?"

"చంటిపిల్ల అంత ఉంటది."

ఆ ఒక్క దినం పదమూడేళ్లు సాగింది. నీలం రంగు డబ్బా, తెల్ల మూత, భుజానికి వేసుకునే బెల్టు. లోపల నాలుగు పక్కలా నాలుగు ఐసు ప్యాకెట్లు, మధ్యలో వేలెడంత మందు సీసాలు. కొన్నేళ్లకు సీసాల మీద ఒక గుర్తు రావడం మొదలైంది, అనంతమ్మ ఆమెకు అది చూపించింది. ముదురు రంగు గుండ్రం, దాని మధ్యలో తెల్లటి గడి. సీసాకు వేడి తగిలినకొద్దీ ఆ గడి రంగు తిరుగుతుంది. గడి తెల్లగా ఉన్నంతకాలం మందు మంచిదే. గడి, గుండ్రం ఒకటే రంగుకు వచ్చాయంటే పారెయ్యాల్సిందే. ఆ రోజు నుంచి యేసమ్మ ప్రతి సీసానూ కంటికి దగ్గరగా పెట్టుకుని చూడకుండా ఎవరి నోట్లోనూ చుక్క పడనివ్వలేదు.

ఆమెకు ఆ పట్టుదల ఎందుకో ఒకసారి అడిగాను. చిన్నప్పుడు మామిడిపల్లిలో పక్కింటి మొగులయ్య, తను పందెం వేసుకుని ఉరికేవాళ్లట. ఎప్పుడూ మొగులయ్యే గెలిచేవాడు. అయిదో ఏట జ్వరం వచ్చి అతని ఎడమకాలు చచ్చుబడింది. "ఇగ ఆన్నుంచి నేనే గెలిచిన బిడ్డా," అంది. "గా గెలుపు నాకు నచ్చలేదు." మొగులయ్య ఇప్పుడు మామిడిపల్లిలో టైలర్. ఆమె రవికెలన్నీ అతనే కుడతాడు, కొలత తప్పిందని పండుగకు పండుగకు ఇద్దరూ పోట్లాడుకుంటారు.

ఎయిర్‌పోర్టు కడుతున్న రోజుల్లో ఒడిశా నుంచి, బీహార్ నుంచి, పాలమూరు నుంచి వచ్చిన కూలీలు రేకుల గుడిసెల్లో ఉండేవారు. ఒక పోలియో ఆదివారం యేసమ్మ డబ్బా వేసుకుని ఆ క్యాంపు గేటు ముందు నిలబడింది. వాచ్‌మన్ ఆపాడు. ఆమె చేతిలోని ఇళ్ల లిస్టు చూసి, అందులో ఆ క్యాంపు లేదన్నాడు.

"లిస్టుల లేకుంటే పిల్లలకు నోర్లు గూడ లేవా అన్నా? రా, తెరిపిచ్చి చూపిస్త."

వాచ్‌మన్ నవ్వేశాడు, గేటు తీశాడు. సాయంత్రానికి నూటపదమూడు మంది పిల్లలు తేలారు. వాళ్లలో సగం మందికి తెలుగు రాదు, యేసమ్మకు ఒడియా రాదు. తన నోరు తెరిచి చూపించేది, వాళ్లూ తెరిచేవాళ్లు. తర్వాతి విడతకు క్యాంపు పేరు లిస్టులో చేరింది, దగ్గరుండి తనే రాయించింది.

ఎయిర్‌పోర్టు తెరిచాక తోటలు తగ్గాయి. జూలీ కాలేజీకి వచ్చింది. నెల నెలా జీతం వచ్చే పని కావాలని 2009లో యేసమ్మ కార్గో షెడ్డులో హౌస్‌కీపింగ్‌కు చేరింది. ఆకుపచ్చ చీర, మెడలో ఫొటో ఉన్న పాస్. అనంతమ్మకు అది నచ్చలేదు గానీ ఆపలేదు.

ఇక ఆ ఏప్రిల్ సంగతి.

పశ్చిమ ఆఫ్రికాలో అప్పుడు పోలియో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పాకుతోంది. ఒక్క దేశంలో చుక్కలు వేస్తే లాభం లేదని, ఇరుగుపొరుగు దేశాలన్నీ కలిసి ఒకే రోజున వేయాలని నిర్ణయించుకున్నాయి. మార్చిలో ఒక విడత అయింది. రెండోది ఏప్రిల్ ఇరవై నాలుగు, శనివారం. బుర్కినా ఫాసో అనే దేశంలో మొదటి విడతలో కాగితాల మీద ఉన్నవాళ్లకంటే చాలా ఎక్కువమంది పిల్లలు తేలారట. మందు చాలదని మా ఫ్యాక్టరీకి అర్జెంటు ఆర్డరు వచ్చింది. ముప్ఫై ఆరు పెట్టెలు, రెండు లక్షల మంది పిల్లలకు సరిపోయే చుక్కలు. పదిహేనో తారీఖు గురువారం పొద్దున వాటిలో పొగలు కక్కే డ్రై ఐస్ వేసి మూతలు బిగించి షెడ్డుకు పంపాను. యూరప్ మీదుగా వెళ్లే విమానానికి బుకింగ్.

శుక్రవారం ఆఫీసులో టీవీ చూస్తే యూరప్ ఆకాశం మొత్తం మూసేశారు. ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బద్దలై బూడిద ఎగురుతోందట. ఎక్కడి విమానాలు అక్కడే ఆగిపోయాయి. నేను ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా ఎయిర్‌పోర్టుకు పరుగెత్తాను. బయట నలభై డిగ్రీల ఎండ.

షెడ్డులోకి అడుగుపెట్టేసరికి నా పెట్టెలు నేను అనుకున్న చోట లేవు. వెనక గోడ నీడన వరుసగా పేర్చి ఉన్నాయి. వాటి ముందు ఆకుపచ్చ చీరలో ఒక మనిషి వంగి, ఒక్కో పెట్టె అంచుల వెంట అరచెయ్యి నెమ్మదిగా జరుపుతోంది.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నాను గట్టిగానే.

"పొద్దున గీ మూల నుంచి పొగ వచ్చింది మేడం. ఇప్పుడు రాట్లేదు." లేచి నిలబడింది. "ఇవి చుక్కల మందే గదా? పోలియో అని రాసున్నది. పదమూడేండ్లు చదివిన మాట, దూరం నుంచే ఎరికైతది. డోరు కాడ ఎండ పడుతున్నదని ఈడికి జరిపిచ్చిన. సారు తిట్టిండు. మీరు గూడ తిడితే తిట్టుండ్రి."

నేను తిట్టలేదు. పొగ ఆగిందంటే లోపల డ్రై ఐస్ అయిపోవస్తోందన్నమాట. నా లెక్క ప్రకారం ఆదివారం పొద్దుటి దాకా ఆగాలి. ఆ వేడికి అంతసేపు ఆగేలా లేదు.

షెడ్డు సూపర్‌వైజర్ శివశంకర్ దగ్గరికి వెళ్లాం. ఆయన రెండు చెవులకు రెండు ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ రోజు ఊపిరి తీసుకునే తీరిక లేనివాడు.

"కోల్డ్ రూమ్ నిండిపోయింది మేడం," అన్నాడు. "మందుల కంపెనీల సరుకుంది, మామిడిపండ్లున్నయ్. వాళ్లు ముందే బుక్ చేసుకున్నరు. మీ పెట్టెలు డ్రై ఐస్‌ల వచ్చినయని రూమ్ అడగలేదు మీరు."

అది నిజమే. ఒక్క రోజులో వెళ్లిపోతాయని నేనే అడగలేదు.

"అందరూ ఫోన్లు చేస్తున్నరు. ఒక్కొక్కరు ఒక్కో పెద్దాయన పేరు చెప్తున్నరు. మీ పెట్టెల గురించి మాత్రం ఒక్కరు గూడ చెయ్యలేదు."

"ఆళ్లు యాడికెళ్లి చేస్తరు సారూ?" అంది యేసమ్మ. "రెండేండ్ల పిల్లలు."

శివశంకర్ ఫోను దించి ఆమె వైపు చూశాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. "అయితే నన్నేం జెయ్యమంటవో నువ్వే చెప్పు," అన్నాడు విసుగ్గా.

ఆమె దగ్గర జవాబు తయారుగా ఉంది.

"మామిడిపండ్లను తీయిండ్రి."

"ఎట్ల తీస్త? గా మల్లేశ్వర్ ఊకుంటడా?"

"పండ్లకే మంచిది సారూ. పొద్దుగాల తుడువ పోయినప్పుడు చూసిన. బంగినపల్లి. అంత చలి మామిడికి పడదు. తోలు మీద అప్పుడే బూడిద రంగు మచ్చలు లేస్తున్నయ్. ఇంకో రెండు దినాలుంచితే లోపల గుజ్జు గూడ పాడైతది. ఇరవై ఏండ్లు తోటల చేసిన, నాకు తెల్వదా?"

శివశంకర్ అప్పటికప్పుడు మల్లేశ్వర్‌కు ఫోన్ చేశాడు. షాద్‌నగర్ వైపు తోటలున్న మనిషి, లండన్‌కు పండ్లు పంపడం అదే మొదటి ఏడు. ఫోన్‌లో ఆయన అరుపులు నా దాకా వినిపించాయి. తన పండ్లు కదిలిస్తే ఊరుకోనన్నాడు. రేపు పొద్దున తనే వస్తున్నానన్నాడు.

ఆ సాయంత్రం మేం చేయగలిగింది చేశాం. నేను ఫ్యాక్టరీ నుంచి ఇంకొంచెం డ్రై ఐస్ తెప్పించాను. కస్టమ్స్ ఆఫీసర్ ముందు పెట్టెలు ఒక్కొక్కటే తెరిచి, చిన్న ముక్కలు వేసి, మళ్లీ మూసి సీలు వేయించాం. ముప్ఫై ఆరింటికి అది చాలదు, ఒక్క పూట నెట్టుకురావడానికి సరిపోతుందంతే. యేసమ్మ షిఫ్టు ఎప్పుడో అయిపోయింది. అయినా మూతలు సరిగ్గా పడ్డాయో లేదో అన్నీ చూసుకున్నాకే ఇంటికి కదిలింది.

శనివారం పొద్దున మల్లేశ్వర్ వచ్చాడు. పొడుగు మనిషి, తెల్ల చొక్కా, మొహం నిండా యుద్ధం. మాతో మాట్లాడకుండా నేరుగా కోల్డ్ రూమ్‌లోకి నడిచాడు. వెనకే యేసమ్మ. ఒక పెట్టెలోంచి ఒక పండు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"చూడు అన్నా. నువ్వే పెంచినవ్ గదా, నువ్వే చెప్పు."

ఆయన పండును వెలుతురులోకి తెచ్చుకుని తిప్పి తిప్పి చూశాడు. బొటనవేలితో మచ్చ మీద రుద్దాడు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. నేను లెక్కపెట్టలేదు గానీ చాలాసేపు చూశాడు. ఆయన మొహంలోని యుద్ధం నెమ్మదిగా దిగిపోయింది.

"గీ గదిల పెట్టుమని ఎవడు చెప్పిండు?"

"మీ మనిషే బుక్ చేసిండు సార్," అన్నాడు శివశంకర్. "కోల్డ్ రూమ్ కావాలె అన్నడు, ఇచ్చినం."

మల్లేశ్వర్ చేతిలోని పండును పెట్టెలో పడేశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. "మా బామ్మర్ది! ఎంత చల్లగుంటే అంత మంచిదనుకున్నడు. కూల్‌డ్రింక్ అనుకున్నడు నా పండ్లను!" అని తలపట్టుకున్నాడు. తర్వాత యేసమ్మ వైపు తిరిగాడు. "అక్కా, మరి గీ గది ఎవలకు కావాలె?"

ఆమె బయట నా పెట్టెల దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. ఏ దేశమో చెప్పమని నా వైపు చూసింది. నేను చెప్పాను.

"బుర్కినా ఫాసో," అని రెండుసార్లు పలికి చూసుకున్నాడు మల్లేశ్వర్. "పేరు మంచిగున్నది. తీయుండ్రి తమ్మీ, నా పండ్లు తీయుండ్రి!"

కాగితాల పని గంటన్నర పట్టింది. లోడర్ పాండు, ఇంకో నలుగురు కలిసి మామిడి పెట్టెలు బయటికి తెచ్చారు. లండన్ దారి ఎలాగూ మూసి ఉంది కాబట్టి పండ్లు కొత్తపేట మార్కెట్‌కు వెళ్లాల్సిందే. మల్లేశ్వర్ లారీ వెంటనే దొరకలేదు. యేసమ్మ గేటు బయట తన భర్తకు ఫోన్ చేసింది. ప్రేమదాసు ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు, ఇంకో ఇద్దరు ఆటోవాళ్లను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆటోలు ఒకదాని వెనక ఒకటి పెళ్లి ఊరేగింపులా బయల్దేరాయి.

పన్నెండింటికి నా ముప్ఫై ఆరు పెట్టెలు కోల్డ్ రూమ్‌లోకి చేరాయి. తలుపు పడిన చప్పుడు విన్నాక గానీ నేను పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగలేదని గుర్తు రాలేదు.

మల్లేశ్వర్ వెళ్తూ వెళ్తూ నాలుగు పెట్టెల పండ్లు గేటు బయట వదిలిపెట్టాడు. మచ్చలు పడినవి మార్కెట్‌లో ఎలాగూ పోవు, రుచికి మాత్రం ఏం కాదు అన్నాడు. ఆ మధ్యాహ్నం షెడ్డు మొత్తం వంతులవారీగా బయటికి వచ్చి మామిడిపండ్లు తిన్నాం. లోడర్లు, కస్టమ్స్ ఆఫీసర్, సెక్యూరిటీవాళ్లు, నేను. శివశంకర్ రెండు ఫోన్లూ జేబులో పెట్టేసి, మోచేతుల దాకా రసం కారుతుంటే టెంక చీకుతూ నిలబడ్డాడు. ఎవరో ఆయన ఫొటో తీశారు. ఆ ఫొటో చాలా రోజులు షెడ్డు ఫోన్లలో తిరిగింది.

ఆదివారం యేసమ్మ చర్చికి వెళ్లి, అటునుంచి అటే డ్యూటీకి వచ్చింది. నేను ఫోన్‌కు అతుక్కుపోయి ఉన్నాను. యూరప్ ఇప్పట్లో తెరుచుకునేలా లేదు. గల్ఫ్ మీదుగా, అక్కడినుంచి ఆఫ్రికాలో ఇంకో ఊరు మారి వెళ్లే దారి ఒకటి దొరికింది. మంగళవారం ఒక విమానంలో ఇరవై నాలుగు పెట్టెలకే చోటుంది. మిగతా పన్నెండు బుధవారం. ప్రయాణం ఎక్కువసేపు కాబట్టి అన్నిటినీ మళ్లీ సర్దాలి.

బుర్కినా ఫాసోలో మందు కోసం చూస్తున్న ఆఫీసర్‌కు రాశాను. గంటలో జవాబు వచ్చింది. మొదటి ఇరవై నాలుగు వస్తే చాలు, వాటిని అన్నిటికంటే దూరంగా ఉన్న జిల్లాలకు ముందు పంపుతాం, దగ్గరి ఊళ్లు ఒక రోజు ఆగగలవు అని. యేసమ్మకు అది చదివి వినిపిస్తే తల ఊపింది. "మంచి సారున్నడు ఆడ. దూరమున్నోళ్లకే ముందియ్యాలె. దగ్గరున్నోళ్లు నడిచొచ్చి అడుగుతరు."

సోమవారం కోల్డ్ రూమ్ వాకిట్లో కొత్త ఐసు ప్యాకెట్లతో సర్దుడు మొదలైంది. ఫ్యాక్టరీ నుంచి నాతో ఇద్దరే వచ్చారు. శివశంకర్ నలుగురు లోడర్లను ఇచ్చాడు. వాళ్లెప్పుడూ పెట్టె తెరిచినవాళ్లు కారు. యేసమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి మధ్యలో నిలబడి క్లాసు తీసుకుంది.

"సందు వదలొద్దు. సందుంటే గాలి జొరబడతది, గాలి ఉంటే వేడి ఉంటది. మూత తీసినంక ముచ్చట్లు పెట్టద్దు. ముందుగాల తయారు చేసుకోవాలె, అప్పుడు తీయాలె, పెట్టాలె, మూయాలె."

"అక్కా, ఐసు తగిలి మందు గడ్డకడితే పరేషాన్ గాదా?" అని అడిగాడు పాండు.

"మంచి మాట అడిగినవ్. చుక్కల మందుకు ఏం గాదు. సూది మందులు కొన్ని ఉంటయ్, వాటికైతే ఐసు ప్యాకెట్‌కు చెమట పట్టేదాక ఆగి పెట్టాలె, లేకుంటే ఖరాబైతయ్. దేని గుణం దానిదే."

నా చదువంతా ఆ సబ్జెక్టే. ఇంత తేలిగ్గా నేను ఎవరికీ చెప్పలేకపోయేదాన్ని.

సర్దే ముందు ఒక పని మిగిలి ఉంది. గురువారం నుంచి ఆ వేడికి మందు తట్టుకుందో లేదో చూడాలి. శుక్రవారం అన్నిటికంటే ఎక్కువ ఎండ తగిలిన పెట్టెను కస్టమ్స్ ఆఫీసర్ ముందే తెరిచాం. నేను తీసిన సీసాను యేసమ్మ తన చేతిలోకి తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"పాలలెక్క ఉన్నది," అంది.

సీసా చేతులు మారింది. ముదురు గుండ్రం మధ్యలో తెల్లటి గడి. పాండు చూశాడు, శివశంకర్ చూశాడు, కస్టమ్స్ ఆఫీసర్ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని చూశాడు. పాండు ఈల వేశాడు. ప్రతి పెట్టెలోంచీ రెండేసి సీసాలు చూశాం. ఒక్కటి కూడా రంగు తిరగలేదు.

మంగళవారం పొద్దున ఇరవై నాలుగు పెట్టెలు విమానం ఎక్కాయి, బుధవారం పన్నెండు. మొదటివి గురువారం, రెండోవి శుక్రవారం అక్కడ దిగాయని మెయిల్ వచ్చింది. శనివారం పొద్దున మనకు ఎండెక్కాక అక్కడ తెల్లవారింది. ఆ రోజు సెలవైనా నేను షెడ్డుకు వెళ్లాను. యేసమ్మ రెండు టీలు తెచ్చింది. గేటు బయట ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం.

"ఇప్పుడు డబ్బాలు సర్దుతుంటరు," అంది. కాసేపాగి, "ఇప్పుడు మొదటి ఇల్లు," అంది.

రెండు వారాల తర్వాత ఆ ఆఫీసర్ నాకు ఒక ఫొటో పంపాడు. ఎర్రమట్టి బాట. ఒక సన్నటి అమ్మాయి, తలకు పసుపు గుడ్డ, భుజాన అదే నీలం డబ్బా. ఒక పిల్లవాడి చెయ్యి ఎత్తి పట్టుకుని, చిటికెనవేలి గోరు మీది నల్ల సిరా గుర్తును కెమెరాకు చూపిస్తోంది. పిల్లవాడు ఏడుస్తున్నాడు, ఆమె నవ్వుతోంది. పేరు అమినాత అట. నేను దాన్ని పెద్దగా ప్రింటు తీయించి యేసమ్మకు తీసుకెళ్లాను. సంతోషంతో కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె ఫొటోను చాచిన చేతిదూరంలో పట్టుకుని కనుబొమలు ముడిచింది.

"బిడ్డా, ఈ పిల్ల బెల్టు ఒక్క భుజానికే వేలాడేసింది. గట్ల వేస్తే మధ్యాహ్నానికి మెడ పట్టేస్తది. అడ్డం వేసుకోమని రాయి, జోలెలెక్క. డబ్బా నడుం మీద ఆనాలె."

"నిజంగా రాయనా?"

"రాయి మరి. పదమూడేండ్లు మోసినోళ్లు చెప్పకుంటే ఇంకెవలు చెప్తరు?"

రాశాను. ఆఫీసర్ నవ్వుకుంటాడేమో అనుకున్నాను. పదిరోజులకు ఇంకో ఫొటో వచ్చింది. అమినాత బెల్టును జోలెలా అడ్డంగా వేసుకుని, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి నిలబడింది. కింద ఒక వాక్యం. మెడనొప్పి పోయింది, ఆ అక్కకు చెప్పండి అని. ఈసారి యేసమ్మ ఫొటోను ఎంతసేపు చూసిందో చెప్పలేను. "తెలివిగల్ల పిల్ల," అంది చివరికి. ఆ రెండు ఫొటోలూ ఆమె ఇంట్లో యేసుప్రభువు పటం పక్కన ఉన్నాయి.

ఆ బూడిద వారం తర్వాత షెడ్డులో ఒక మీటింగు పెట్టారు. ఏది పొరపాటు, ఏం మార్చాలి అని. శివశంకర్ యేసమ్మను కూడా పిలిచాడు. పెద్ద ఆఫీసర్లు అడిగితే ఆమె రెండు మాటలు చెప్పింది. ఏ సరుకు ఎంత చలిలో ఉండాలో తెలుగులో రాసి గోడకు పెట్టాలి, పెట్టెలు మోసేవాళ్లు చదవగలిగేటట్టు. దారి మూసుకుపోయినప్పుడు గదిలో చోటు ముందు బుక్ చేసుకున్నవాళ్లకు కాదు, ముందు పాడయ్యేదానికీ, ఆ తర్వాత ఎవరికి ఇంకో దారి లేదో వాళ్లకూ ఇవ్వాలి. రెండో మాట మీద చాలాసేపు వాదన జరిగింది. చివరికి రెండూ ఒప్పుకున్నారు. గోడ మీది కాగితం ఆమె చెప్తుంటే పాండు రాశాడు. మామిడి దగ్గర "అంత చలి పడదు, అడిగి పెట్టండి" అని ఉంటుంది.

ఆ ఏడు చివరికి ఆమె నేల తుడిచే పని నుంచి కోల్డ్ రూమ్ పనికి మారింది. స్వెటర్ ఇచ్చారు. శంషాబాద్ ఎండల్లో స్వెటర్ వేసుకుని తిరిగే మనిషి నేనొక్కదాన్నే అని అందరికీ చెప్పుకునేది. పోలియో ఆదివారాలు మాత్రం వదల్లేదు. సెలవు పెట్టుకుని అనంతమ్మతో కలిసి పాత వీధులన్నీ మళ్లీ తిరిగేది. జూలీ నర్సింగ్‌లో చేరింది.

2014 మార్చిలో మన దేశంలో పోలియో లేదని ప్రకటించారు. ఆ రోజు పాల్మాకులలో యేసమ్మ ఇంటి ముందు ప్రేమదాసు బిర్యానీ దేగిసా ఎక్కించాడు. నేనూ వెళ్లాను. మొగులయ్య మామిడిపల్లి నుంచి వచ్చాడు, కొత్త రవికె తెచ్చాడు, కొలత మళ్లీ తప్పింది. ఆ పోట్లాట మధ్యలోనే అందరం భోంచేశాం.

ఆ ఎండాకాలమే పాండుకు నైజీరియాలో ఒక గోదాములో రెండేళ్ల పని దొరికింది. చల్లగది సంగతులు తెలిసిన మనిషి కావాలని తీసుకున్నారట. పోలియో ఇంకా ఉన్న దేశాలకు వెళ్లేవాళ్లు పెద్దవాళ్లయినా సరే ముందు చుక్కలు వేయించుకుని కార్డు తీసుకోవాలని అప్పుడే నియమం వచ్చింది. ఆరడుగుల మనిషి, మీసాలు మెలితిప్పి ఉంటాయి. సిగ్గుపడిపోయాడు. ఒక్కడినే పోను, నువ్వూ రావాలని యేసమ్మ వెంటపడ్డాడు. అప్పటికి నేను కూడా వాళ్ల ఇంటి మనిషినే కాబట్టి ముగ్గురం కలిసి సిటీలో టీకాల కేంద్రానికి వెళ్లాం.

అక్కడ వరుసలో అందరూ పెద్దవాళ్లే. టై కట్టుకున్న ఇంజనీర్లు, ఒక పాస్టరుగారు, చదువు ముగించుకుని తిరిగి వెళ్తున్న ఇద్దరు కెన్యా కుర్రాళ్లు, ఎవరి పాస్‌పోర్టు వాళ్ల చేతిలో. ఒక్కొక్కరే కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చి నోరు తెరుస్తుంటే, వెనకవాళ్లు నవ్వు ఆపుకోలేక గోడల వైపు చూస్తున్నారు. పాండు వంతు వచ్చింది. కూర్చున్నాడు గానీ పళ్లు బిగించుకున్నాడు.

"నోరు తెరువు బిడ్డా," అంది యేసమ్మ.

తెరిచాడు. నర్సు సీసా ఎత్తింది.

"ఒక్క నిమిషం అమ్మా," అని యేసమ్మ ఆమెను ఆపి, సీసాను కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఆ, ఎయ్యి."

రెండు చుక్కలు పడ్డాయి. పాండు కళ్లు గట్టిగా మూసుకుని మింగి, ఒక కన్ను తెరిచాడు.

"గింతేనా?"

వరుస మొత్తం నవ్వింది. కెన్యా కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నర్సు కార్డు మీద ముద్ర వేసి ఇస్తూ, "మీరు ఏ దవాఖానలో చేస్తారమ్మా?" అని యేసమ్మను అడిగింది.

"దవాఖానల కాదు తల్లీ, ఎయిర్‌పోర్టుల," అంది యేసమ్మ. "పా పాండూ, ఆకలైతున్నది. మిర్చీబజ్జీ తినిపియ్యి. చుక్కలు ఎయ్యించినందుకు."